రద్దు

కొరిటెపాడు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా,
జిరాక్సు కొట్టు నీడలో,
దస్తావేజు లేఖరి మౌలాలి గారి బల్ల.
మూడు కాళ్ళు కొయ్యవి, నాలుగోది ఇటుక.
ఆ ఇటుక వైపు కూచుని
టైపు కొట్టేదాన్ని నేను.

ఇద్దరొచ్చారు, రెండు ఆటోల్లో.
ఏటుకూరు రైతు గుత్తా కోటిలింగం,
పట్నంబజారు వ్యాపారి చుండూరి పానకాలు.
మధ్యలో అరవై టిక్కీల మిర్చి,
ఏడు నెలలు కోల్డు స్టోరేజీలో నిద్రపోయిన సరుకు.
జానెడు లోతు దాకా ఎర్రగా నవ్విందట,
ఆ కింద అంతా తాలు,
పాలిపోయిన గోళ్ళ రంగు.

"నాకెరుక లేదయ్యా, కూలోళ్ళు కలిపారు."
"ఎరికున్నా లేకపోయినా గోతం నీదేగా."
శాంపిలు కాయలు రెండు బల్ల మీద పడ్డాయి.
జిరాక్సు కుర్రాడు తుమ్మాడు.

ఒప్పందం రద్దుపత్రం, అన్నారు మౌలాలి గారు.
ర కొట్టాను. ద, దాని కింద ఇంకో ద, కొమ్ము.
చేతిలో ఎన్నిసార్లు నలిగిన మాటో,
ఆ రోజెందుకో అడిగాను:
ఇది ఎవరి మాటండీ?

టీలో బన్ను ముంచి, కారనిచ్చి, అన్నారు:
"అరబ్బీది అమ్మాయ్. మా పెద్దలతో వచ్చింది,
మీ కచేరీలు ఉంచేసుకున్నాయి.
చింపెయ్యడం కాదు దానర్థం.
తిప్పి ఇవ్వడం.
ఎవరన్నా సలాం అంటే బదులు చెబుతామే,
దాన్నీ రద్దే అంటారు వాళ్ళు."

మరి రద్దీ?
"మా ఇంట్లో అయితే చిత్తు కాగితాలు.
మీకు బస్టాండులో జనం.
ఆ దారెటు తిరిగిందో నాకు తెలీదు, అడక్కు."

బ్రాడీపేట కుర్ర లాయరు ఫైలు విసురుకుంటూ
"ఇంగ్లీషు మాటకి మూలం వేరు సార్,
లాటిన్లో కోయడం. వెనక్కి కోసెయ్యడం" అన్నాడు.
"కోస్తే రెండు ముక్కలు బాబూ.
తిప్పితే ఎవరిది వాళ్ళకి."

కోటిలింగం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
"తొడిమ తీసిన కాయకి
మళ్ళీ తొడిమ అంటుకుంటదా సాయిబుగారూ?"

బన్ను ముక్క టీలో విరిగి పడింది.
దాన్ని చెంచాతో వెతికారు, చాలాసేపు.

రాయించుకున్నాం.
బయానా లక్షా ఇరవై వేలు, పానకాలుకి.
టిక్కీలు అరవై, కోటిలింగానికి.
స్టోరేజీ అద్దె చెరిసగం.
లారీ హమాలీ ఖర్చు దగ్గర గొంతులు లేచాయి, దిగాయి.
బేరం కుదిరిన రోజు పానకాలు ఇంట్లో తిన్న సజ్జబూరెలు
ఏ పేరాలోకీ రాలేదు.
అడిగింది కోటిలింగమే, నవ్వుతూనే.
పానకాలు నవ్వలేదు.

ఒకచోట అరవైకి బదులు ఆరు పడింది.
బ్యాక్ స్పేసు నొక్కాను.
నా మిషనుకి వెనక్కి వెళ్ళడం తెలుసు,
చెరపడం తెలీదు.
తప్పు మీద ఒప్పు కొడితే
రెండూ కనిపిస్తూనే ఉన్నాయి.

సంతకాలయ్యాయి. వేలిముద్ర సిరా
బల్ల అంచుకి రాసుకున్నాడు కోటిలింగం.
పానకాలు లేచి, మళ్ళీ కూచున్నాడు.
"బేరం కాగితం మీద అవలేదు కదా" అన్నాడు.

నిజమే. యార్డులో, పాతకాలపోళ్ళలాగా,
తువ్వాలు కింద వేళ్ళతో అయింది.
ధర నోటితో పలకలేదు ఎవరూ.

కోటిలింగం తువ్వాలు పరిచాడు.
రెండు చేతులు దాని కిందకి వెళ్ళాయి.
పట్టుకున్న వేళ్ళని ఒక్కొక్కటే వదులుతున్నారో,
లెక్క మళ్ళీ మొదటినుంచి పెడుతున్నారో,
పైకి మాత్రం గుడ్డ కొంచెం లేచి పడుతోంది,
కింద పిల్లి కూన ఉన్నట్టు.
లాయరు కూడా ఫోను దించి చూశాడు.

చేతులు బయటికొచ్చాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
వెళ్ళారు, వచ్చినట్టే, రెండు ఆటోల్లో.

మౌలాలి గారు కార్బను కాగితాలు సర్దుకున్నారు.
శాంపిలు కాయలు రెండు
బల్ల మీదే ఉండిపోయాయి,
ఒకటి ఎర్రది, ఒకటి తాలు.
ఎవరివని పిలవను?